డెల్మర్ లైకర్ బద్దలు కొట్టిన రికార్డు

ఫోన్ మోగినప్పుడు డెల్మర్ లైకర్ అమెరికాలో, కాన్సస్ రాష్ట్రంలోని ఓ చిన్న ఊరి గోధుమ గోదాము ఆఫీసులో కుర్చీ ఎక్కి, ఆగిపోయిన గోడగడియారాన్ని చేత్తో తడుతున్నాడు. అక్కణ్ణుంచే వంగి రిసీవర్ అందుకున్నాడు.

"లైకర్ గారేనాండీ? నేను బ్రియెల్ ఓడమ్‌ని. సాల్ట్ ఫోర్క్ కమ్యూనిటీ కాలేజీలో ఆటల డైరెక్టర్‌గా కొత్తగా చేరాను. మీకో మంచి కబురు!"

కాలేజీ నుంచి మంచి కబురంటే ఏమిటో డెల్మర్‌కి అనుభవమే.

"మొన్ననే బ్యాండు మేళం వాళ్ళకి చందా ఇచ్చానమ్మా," అన్నాడు.

"చందా కాదండీ బాబూ! ప్రముఖ పూర్వ విద్యార్థుల గోడ కడుతున్నాం. దాని మీద మీ పేరు పెడుతున్నాం. పోల్ వాల్ట్‌కి!"

డెల్మర్ కుర్చీ మీద అలాగే నిలబడిపోయాడు. అరవై దాటిన మనిషి, మోకాళ్ళు అరిగిన మనిషి. పొడుగాటి కర్ర పట్టుకుని పరుగెత్తి, దాని ఊతంతో పైకెగిరిన ఆ రెండేళ్ళ సంగతి కాలేజీలో ఎవరికీ గుర్తులేదనే అనుకున్నాడు. ఎవరో గుర్తుపెట్టుకున్నారన్నమాట. నడుం కాస్త నిటారైంది.

"ఆ రోజు ప్రాంతీయ పోటీల్లో మీరు ఏకంగా జాతీయ రికార్డునే బద్దలు కొట్టారటగా!" అంది బ్రియెల్.

నిటారైన నడుం కాస్తా గభాలున వంగిపోయింది.

"అమ్మా, అదీ... ఆ రికార్డు వేరు..."

"అబ్బ, ఎంత వినయమండీ మీది! మీ ఊరివాళ్ళు ముందే చెప్పారు, ఆయన అస్సలు ఒప్పుకోడని. వచ్చే నెల విందు. తప్పకుండా రావాలి!" అని ఆమె పెట్టేసింది.

డెల్మర్ కుర్చీ దిగి దాని మీదే కూర్చున్నాడు. గడియారం ఆగే ఉంది.

అసలు జరిగింది ఇది. డెల్మర్ కుర్రవాడిగా ఉన్నప్పుడు లైకర్ల పొలంలో ఒక ఎద్దు ఉండేది. దానికి డెల్మర్ పొడ గిట్టేది కాదు. ఒకనాడు అది తరుముకొస్తుంటే, చేతికందిన నీళ్ళ గొట్టం ఒకటి నేలకి ఆనించి, ముళ్ళకంచె మీదుగా ఎగిరి అవతల రోడ్డు పక్కన పడ్డాడు. సరిగ్గా అప్పుడే ఆ దారిన కారులో పోతున్న ఓరిన్ బాఫ్ సడన్ బ్రేకు వేశాడు. బాఫ్ కాలేజీలో పొద్దున లెక్కలు చెప్పేవాడు, సాయంత్రం పరుగుల జట్టుకి కోచ్.

కోచ్ అద్దం దించి, "ఒరే అబ్బాయ్, ఎద్దు లేకుండా కూడా అలా ఎగరగలవా?" అని అడిగాడు.

"తెలీదండీ. ఎద్దు లేనప్పుడు ఎప్పుడూ అవసరం పడలేదు," అన్నాడు డెల్మర్.

అలా అతను సాల్ట్ ఫోర్క్ కాలేజీలో చేరాడు. చదివింది డీజిల్ ఇంజన్ల మరమ్మతు. ఎగిరింది ప్రెయిరీ కోళ్ళ తరఫున. ఆ కాలేజీ జట్ల పేరే అది, అక్కడి గడ్డిమైదానాల్లో తిరిగే కోడి మీద పెట్టింది. ఎర్ర జెర్సీ మీద బొమ్మగా వేసిన కోడిని చూసి పక్క జిల్లాల వాళ్ళు కొక్కొరొకో అని అరిచేవాళ్ళు. డెల్మర్ గొప్పగా ఎగిరేవాడని చెప్పడం అబద్ధమవుతుంది. పదకొండు అడుగులు దాటాడంటే ఆ రోజు పండగే. కానీ అతనికి ఆ ఆట పిచ్చి. కర్ర వంగి, తిరిగి నిటారుగా లేస్తూ మనిషిని ఆకాశంలోకి విసిరేసే ఆ ఒక్క క్షణం కోసం వారమంతా ఎదురుచూసేవాడు.

రెండో ఏడు వసంతంలో ప్రాంతీయ పోటీలు వాళ్ళ కాలేజీలోనే జరిగాయి. మధ్యాహ్నానికి గాలి లేస్తుందని, ప్రారంభోత్సవానికి ముందే పోల్ వాల్ట్ మొదలుపెట్టారు. కరెంటు తీగ అంతవరకే అందిందని వ్యాఖ్యాత బల్లని తెచ్చి పోల్ వాల్ట్ పరుపు పక్కనే వేశారు. బల్ల మీద మైకు, గ్రామఫోను, దాని పక్కన ప్రారంభోత్సవంలో వెయ్యాల్సిన జాతీయగీతం రికార్డు.

డెల్మర్‌కి ఒక్క ప్రయత్నమే మిగిలింది. అడ్డకర్రని పన్నెండు అడుగులకి ఎత్తారు. అంత ఎత్తు అతను కలలో తప్ప దాటలేదు. పరుగెత్తాడు, కర్ర ఆనించాడు, లేచాడు. కాన్సస్ గాలి మధ్యాహ్నం దాకా ఆగలేదు. అతను పైన ఉండగానే పక్కనుంచి ఒక్క విసురు విసిరింది. పరుపు ఒకవైపు, డెల్మర్ ఒకవైపు. నేరుగా వెళ్ళి వ్యాఖ్యాత బల్ల మీద కూలబడ్డాడు. అతని కింద జాతీయగీతం ఫెళ్ళున రెండు ముక్కలైంది. వ్యాఖ్యాతగా ఉన్న చరిత్ర మేష్టారు మైకులో అనకూడని మాట ఒకటి అన్నాడు. అది ఊళ్ళో సగానికి పైగా వినపడింది.

ప్రారంభోత్సవం వేళకి పాట లేదు. అందరూ గుండె మీద చెయ్యి వేసుకుని బిక్కమొహాలతో నిలబడ్డారు. అప్పుడు, చర్చి ఆడవాళ్ళ తరఫున మిరపకారం చిక్కుళ్ళ కూర, దాల్చినచెక్క రొట్టెచుట్టలు అమ్ముతున్న ఆర్డిస్ అనే అమ్మాయి ఉండబట్టలేక తానే ఎత్తుకుంది. ఎత్తుకోవడమే ఆకాశంలో ఎత్తుకుంది. పాట పైకి పోయేకొద్దీ ఒక్కొక్కరే జారిపోయారు. చివరికి ఆర్డిస్ మిగిలింది, దూరంగా ఏదో కుక్క మిగిలింది. తుంటికి ఐసుగడ్డ కట్టుకున్న డెల్మర్ ఆమె బల్లని ఊతగా పట్టుకుని, రెండో చెయ్యి గుండె మీద వేసుకుని, పాట అయ్యేదాకా ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. ఆ ఏడు గోధుమ కోతలు కాగానే పెళ్ళయింది.

ఊరు మాత్రం ఆ సంగతి వదల్లేదు. "జాతీయగీతం రికార్డు బద్దలు కొట్టాడు" అన్న మాట నోళ్ళలో నలిగి నలిగి, మధ్యలో గీతం ఊడిపోయి, "జాతీయ రికార్డు బద్దలు కొట్టాడు"గా మిగిలింది. గోదాములో లారీలు తూచే డెల్మర్‌ని కొత్తవాళ్ళకి అలాగే పరిచయం చేసేవాళ్ళు. అతనూ నవ్వి ఊరుకునేవాడు. ఈమధ్య అతని పుట్టినరోజుకి సరదాగా, బాల్య స్నేహితుడు ఎల్డన్ కంప్యూటర్ ముందు కూర్చుని, కాలేజీ గురించి ఇంటర్నెట్లో ఉన్న పేజీలో ప్రముఖుల పేర్ల కింద ఆ వాక్యం చేర్చాడు. ఫ్లోరిడా నుంచి వచ్చిన బ్రియెల్ దాన్ని చూసింది. నిజమో కాదో కనుక్కుందామని ఊళ్ళో పదిమందినీ అడిగింది. పదిమందీ ముక్తకంఠంతో, "అయ్యో, నిజమేనమ్మా. కళ్ళారా చూశాం," అన్నారు.

ఆ సాయంత్రం డెల్మర్ ఇంటికెళ్ళేసరికి ఆర్డిస్ అద్దం ముందు నిలబడి నీలం గౌను ఒంటికి ఆనించుకుని చూసుకుంటోంది.

"నీకెలా తెలిసింది?" అన్నాడు.

"ఎల్డన్ చెప్పాడు. మా అక్కకి చెప్పాను. అక్క చర్చిలో చెప్పింది. విందు టికెట్లు అప్పుడే సగం అయిపోయాయట."

"ఆర్డిస్, అది తప్పు. పొద్దున్నే వెళ్ళి ఆ అమ్మాయికి ఉన్నదున్నట్టు చెప్పేస్తాను."

"ఏం చెప్తావు? రికార్డు బద్దలు కొట్టలేదనా? కొట్టావు. నేను అక్కడే ఉన్నాను. ఏ రికార్డని వాళ్ళడగలేదు, మనం చెప్పలేదు."

"అది మోసం కాదూ?"

"మోసమెలా అవుతుందయ్యా? ఆ రికార్డు ముక్క ఒకటి మా అమ్మ చాలా ఏళ్ళు పూలకుండీ కింద పెట్టుకుంది. ఈ నీలం బాగుందా, ఆ బూడిదరంగు తీసుకోనా?"

డెల్మర్ మర్నాడు కాలేజీకి వెళ్ళనే వెళ్ళాడు. బ్రియెల్ ఆఫీసు తలుపు తట్టి, టోపీ చేత్తో పట్టుకుని, "అమ్మా, నేను ప్రముఖుణ్ణి కాను. నేను బద్దలుకొట్టింది..." అంటుండగానే ఆమె లేచి అతని రెండు చేతులూ పట్టుకుంది.

"మీరిలా అంటారని మీ ఆవిడ ఇప్పుడే ఫోన్ చేశారు. లైకర్ గారూ, ఈ కాలేజీ ఆటల విందుకి కిందటేడు ఇరవైమంది కూడా రాలేదట. ఈసారి కుర్చీలు చాలవు, పక్క ఊరి స్కూలు నుంచి తెప్పిస్తున్నాను. ఊరు మిమ్మల్ని ఎంతలా ప్రేమిస్తోందో మీకు తెలీదు!"

ఊరెందుకు వస్తోందో డెల్మర్‌కి బాగానే తెలుసు. కానీ ఆ పిల్ల కళ్ళలో వెలుగు చూసి టోపీ మళ్ళీ నెత్తిన పెట్టుకున్నాడు.

"మిమ్మల్ని పరిచయం చేయడానికి ఎవర్ని పిలిచానో తెలుసా? కోచ్ బాఫ్ గారిని! వస్తానన్నారు!"

డెల్మర్‌కి ప్రాణం లేచొచ్చింది. కోచ్ అబద్ధం ఆడడు. తొంభై దాటినా ఆడడు.

ఆదివారం ఆర్డిస్ చేసిన క్యాబేజీ, మాంసం కూరిన బన్నులు పొట్లం కట్టుకుని వృద్ధాశ్రమానికి వెళ్ళాడు. కోచ్ కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో కూర్చుని, పక్కింటి పచ్చికలో పరుగెత్తుతున్న కుందేలుని విమర్శనాత్మకంగా చూస్తున్నాడు.

"చేతులు ఊపట్లేదు," అన్నాడు.

"కోచ్ గారూ, నేను లైకర్‌ని."

"తెలుసురా. చెవులు పోయాయి గానీ కళ్ళు పోలేదు. పొట్టేంటి అలా పెంచావు? ఆ పొట్లంలో ఏంటి?"

డెల్మర్ గట్టిగా అరిచి మొత్తం చెప్పాడు. పక్క గదుల్లోవాళ్ళు కూడా తలుపులు తీసి విన్నారు. "మీరైనా నిజం చెప్పేయండి కోచ్ గారూ. నా మాట ఎవరూ వినట్లేదు," అని బతిమాలాడు.

కోచ్ పొట్లంలోంచి ఇంకో బన్ను అందుకున్నాడు. "నిజమే చెప్తాలే. నేనెప్పుడు అబద్ధమాడాను?" అన్నాడు.

విందు కాలేజీ జిమ్‌లో పెట్టారు. బాస్కెట్‌బాల్ నేల మీద టార్పాలిన్ పరిచి, మడత బల్లలు వేశారు. పక్క ఊరి స్కూలు కుర్చీలూ చాల్లేదు, కొందరు గోడల వెంట నిలబడ్డారు. వంటలో మిరపకారం చిక్కుళ్ళ కూర ఉంది, దాల్చినచెక్క రొట్టెచుట్టలూ ఉన్నాయి. పాత కాలం నుంచి ఆ రెండూ కలిపి తినడం అక్కడివాళ్ళ అలవాటు.

వేదిక మీద అతని పక్క కుర్చీలో కోర్డెల్ ఆంబ్రోస్ కూర్చున్నాడు. అసలు సిసలు ప్రముఖుడు. లూసియానా కుర్రాడు. మార్కులు చాలక పెద్ద యూనివర్సిటీలు రానివ్వకపోతే ఈ కాలేజీలో రెండేళ్ళు ఆడి, ఆ తర్వాత పెద్ద లీగులో తొమ్మిదేళ్ళు ఫుట్‌బాల్ ఆడినవాడు. అతను కూర్చుంటే బల్ల ఆ వైపుకి ఒరిగింది.

"గురువుగారూ," అన్నాడు కోర్డెల్ గొంతు తగ్గించి. "జాతీయ రికార్డంటే ఎంత ఎత్తు దూకారేంటి?"

డెల్మర్‌కి ఇక ఓపిక లేకపోయింది. అతని చెవిలో రెండు ముక్కల్లో చెప్పేశాడు. కోర్డెల్ అప్పుడే కూర నోట్లో పెట్టుకున్నాడు. అది ముక్కులోంచి వచ్చేంత పనయింది. అంత పెద్ద మనిషి రుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఊగిపోతుంటే, ముందు వరుసలోవాళ్ళు పాపం పాత కోచ్‌ని చూసి ఏడుస్తున్నాడనుకున్నారు.

బ్రియెల్ మైకు పట్టుకుని చక్రాల కుర్చీ దగ్గరికి వెళ్ళింది. కోచ్ దాన్ని లాక్కున్నాడు.

"నేను చాలామందిని ఎగిరించాను," అన్నాడు. "కానీ ఆ రోజు లైకర్ ఎగిరినట్టు అంతకుముందు ఎవడూ ఎగరలేదు, ఆ తర్వాతా ఎగరలేదు. వాడు దిగిన చోటికి ఇవాళ్టిదాకా ఇంకొకడు చేరలేదు."

ఎల్డన్ బల్ల గుడ్డ నోట్లో కుక్కుకున్నాడు.

"వాడు దిగగానే మైదానంలో ఒక్కరు కూర్చోలేదు. అందరూ లేచి నిలబడ్డారు. వ్యాఖ్యాతకి నోట మాట రాలేదు. వచ్చిన ఒక్క మాటా ఇక్కడ చెప్పేది కాదు. దేశం మొత్తానికీ ఉన్నది ఒక్కటే జాతీయగీతం. దాన్ని అంత దగ్గరగా తాకిన ఆటగాడు ఇంకొకడు లేడు."

జిమ్ మొత్తం వణుకుతోంది. ఆడవాళ్ళు చేతిసంచుల్లో తలలు దూర్చారు. బ్రియెల్ మాత్రం కళ్ళు తుడుచుకుంటూ చప్పట్లు కొడుతోంది. అది చూసి డెల్మర్ లేచాడు. ఊరు నవ్వుకోవడం అతనికి కొత్తకాదు. కానీ ఈ పరాయి పిల్ల ఒక్కతే నమ్మి ఏడవడం అతను చూడలేకపోయాడు.

మైకు తీసుకుని జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఎద్దు దగ్గర మొదలుపెట్టి, గాలి, బల్ల, రెండు ముక్కలైన పాట, ఎల్డన్ చేసిన ఘనకార్యం, ఏదీ దాచలేదు. అంతసేపూ బిగబట్టుకున్న నవ్వు ఒక్కసారిగా కట్ట తెంచుకుంది. కుర్చీలు గలగలలాడాయి. బ్రియెల్ మొహం మాత్రం ప్రెయిరీ కోళ్ళ జెర్సీలా ఎర్రబడింది.

"నన్ను క్షమించమ్మా," అన్నాడు డెల్మర్. "ఆ గోడ మీద నాకు చోటులేదు. చెబుదామని రెండుసార్లు చూశాను."

నవ్వు సద్దుమణిగింది. బ్రియెల్ అతని దగ్గరికి వచ్చింది. ఆమె కూడా ఒకప్పుడు హైజంప్ చేసిన పిల్ల. నెమ్మదిగా అడిగింది:

"మరి అడ్డకర్ర సంగతేంటి? దాటారా, లేదా?"

ఇన్నేళ్ళుగా ఆ కథ చెప్పుకుని నవ్వినవాళ్ళలో ఒక్కరు కూడా ఆ మాట అడగలేదు. ఎల్డన్ అడగలేదు. పాట పాడిన ఆర్డిస్ కూడా అడగలేదు. ఆ రోజు తీర్పరులతో సహా అందరి చూపూ బల్ల వైపే పోయింది. తర్వాత ఎవరో గాలికి ఊగుతున్న అడ్డకర్రని దించేశారు. డెల్మర్ పేరు పక్కన ఏమీ రాయలేదు.

డెల్మర్ మైకు దించేశాడు. "దాటాను," అన్నాడు.

"పరుపు మీద పడకపోయినా దాటినట్టే లెక్క!" అంది బ్రియెల్. "అడ్డకర్ర కదిలిందా?"

"కదల్లేదు," అన్నాడు కోచ్ తన కుర్చీలోంచి, మైకు అవసరం లేకుండానే. "నేను అడ్డకర్రనే చూస్తున్నాను. కోచ్‌ని కాబట్టి దాన్నే చూస్తాను. పన్నెండు అడుగులు. కర్రకి తగలకుండా దాటాడు."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు కోచ్ గారూ?" అన్నాడు డెల్మర్.

"చెప్పానురా! గ్రామఫోను డబ్బులెవరిస్తారని అందరూ అరుచుకుంటుంటే నా మాట ఎవడు విన్నాడు? నువ్వు చూస్తే రొట్టెల పిల్ల దగ్గర నిలబడ్డావు. పిలిస్తే తిరిగి చూడలేదు."

నీలం గౌను మీద ఆర్డిస్ మొహం కందిపోయింది. "ఇన్నేళ్ళలో నాతో ఒక్క మాట చెప్పలేదేమయ్యా?" అని కింద నుంచే గట్టిగా అడిగింది.

"నువ్వు నవ్వుతుంటే బాగుండేది. మధ్యలో ఎందుకు చెడగొట్టాలని..." అన్నాడు డెల్మర్.

అప్పుడు కోర్డెల్ లేచాడు. అతను లేస్తే హాలు దానంతటదే నిశ్శబ్దమవుతుంది. "ఈయన పేరు తీసేస్తే నా పేరు కూడా తీసెయ్యండి," అన్నాడు. "నేను పెద్ద లీగులో తొమ్మిదేళ్ళు ఆడాను. మొదటి ఆటలో మా జట్టు గోలువైపే పరుగెత్తాను. ఆ సంగతి నా గురించి రాసినవాళ్ళెవరూ రాయలేదు. ఈయన నయం, తనంతట తానే చెప్పుకున్నాడు."

పేరు తియ్యలేదు. తియ్యడానికి వీల్లేదు కూడా, ఇత్తడి పలక అప్పటికే పోతపోసి తెచ్చారు. బ్రియెల్ మాత్రం మర్నాడే చిన్న ఇత్తడి ముక్క చెక్కించి, "జాతీయ"కీ "రికార్డు"కీ మధ్యన పైన "గీతం" అని అతికించింది. కింద "పన్నెండు అడుగులు" అని ఇంకో ముక్క. ఆ గోడ దగ్గర మిగతా ప్రముఖుల ముందు ఎవరూ ఆగరు. డెల్మర్ పలక ముందు మాత్రం ఆగి, చదివి, ఒకరినొకరు పొడుచుకుని నవ్వుతారు.

ఆ కాలేజీలో పోల్ వాల్ట్ ఎప్పుడో ఆపేశారు. పోటీలకి తీసుకెళ్ళే బస్సులో అంత పొడుగు కర్రలు పట్టవన్నది అప్పట్లో చెప్పిన కారణం. ఆ వసంతంలో బ్రియెల్ దాన్ని మళ్ళీ మొదలుపెట్టింది. ముగ్గురు అమ్మాయిలు, ఇద్దరు అబ్బాయిలు చేరారు. కర్రలు మోయడానికి డెల్మర్ తన పాత ట్రక్కు ఇచ్చాడు, దానితోపాటు తానూ వెళ్ళాడు. కర్రలకి ముందొక ఎర్రగుడ్డ, వెనకొక ఎర్రగుడ్డ కట్టి హైవే ఎక్కితే, ట్రక్కు ఏ క్షణాన్నయినా ఎవరినో పొడవడానికి పోతున్నట్టుండేది.

మొదటి పోటీకి వెళ్తున్న రోజే దారిలో పోలీసు ఆపాడు. కొత్త కుర్రాడు. కిటికీ దగ్గరికొచ్చి, "ఏంటండీ అవి?" అన్నాడు.

"పోల్ వాల్ట్ కర్రలు బాబూ," అన్నాడు డెల్మర్.

"ఈ వయసులోనా?"

పక్క సీట్లో ఆర్డిస్ ఒళ్ళో రొట్టెచుట్టల డబ్బా పెట్టుకుని కూర్చుంది. ముందుకి వంగి, "ఆయన పన్నెండు అడుగులు దాటాడు నాయనా. కర్రకి తగలకుండా దాటాడు. కోచ్‌ని అడుగు కావాలంటే," అంది.

పోలీసు కర్రల్ని చూశాడు, డెల్మర్ పొట్టని చూశాడు, మళ్ళీ కర్రల్ని చూశాడు. తాళ్ళు ఒకసారి లాగి చూసి, వెనక గుడ్డ జారుతోందని తనే ముడి బిగించాడు. ఆర్డిస్ ఇచ్చిన రొట్టెచుట్ట తింటూ పక్కకి తప్పుకున్నాడు.

"ఈ వేగంతో పోతే పోటీ అయిపోతుంది, కాస్త తొక్కు," అంది ఆర్డిస్, ట్రక్కు మళ్ళీ రోడ్డెక్కగానే.

"గాలి చూడు ఎలా ఉందో. తొక్కితే కర్రలతో పాటు మనమూ లేస్తాం," అన్నాడు డెల్మర్. అంటూనే తొక్కాడు.